నాచుకొమ్మ మీద గరిటెతోక

శాన్ ఇసిద్రో
1994 జనవరి 9, ఆదివారం

అత్తయ్యకి నమస్కారాలు.

ఈ ఉదయం నేను వాలు మీదికి ఎక్కేసరికి గరిటెతోక పిట్ట ఇంకా లేవలేదు. రాత్రి చలికి కొయ్యబారి, ఈకలు ఉబ్బించుకుని నాచుకొమ్మ మీద కూర్చుని ఉంది. పొడుగాటి తోక ఈకలు రెండూ కిందికి వేలాడుతున్నాయి. వాటి చివర గరిటెల్లా ఉండే నీలం బిళ్ళలు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి, జపమాల ఒళ్ళో పెట్టుకుని కునికే సిస్టర్ ఆగ్నెస్ చేతుల్లాగా. ఎడమ బిళ్ళ అంచున చిన్న నొక్కు ఉంది. నిన్న అది నా కంటపడలేదు.

కాన్వెంటు నుంచి వచ్చి ఇంట్లో ఏం చేస్తున్నావని అడిగారు. ఇదే చేస్తున్నాను. లీమా నుంచి పక్షుల డాక్టరమ్మ ఒకావిడ వచ్చింది. ఈ పిట్ట ఎప్పుడు ఎగురుతుంది, ఎవరి ముందు ఎగురుతుంది, ఎందుకు ఎగురుతుంది అన్నది మే నెల దాకా చూసి రాయమని నాకు అప్పగించి వెళ్ళింది. ఎవరితోనూ మాట్లాడనక్కర్లేని పని కాబట్టి ఒప్పుకున్నాను. హమ్మింగ్ పిట్టల్లో ఈ రకం మన లోయలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదని ఆవిడ నాన్నతో చెప్పింది. "అయితే అది కూడా ఇక్కణ్ణించి బయటపడలేకపోయిందన్నమాట" అన్నాడు నాన్న.

ఎండ తగిలాక అది లేచింది. ఎదురు కొమ్మ మీదికి పెళ్ళికూతురు వచ్చి కూర్చుంది. మన పిట్ట ఆమె ముఖానికెదురుగా గాలిలో నిలబడింది. గరిటెలు రెండూ తలకి చెరోపక్కా ఎత్తి ఊపుతూ, కొమ్మకి ఈ వైపు నుంచి ఆ వైపుకి ఊగింది. గరిటెలు ఒకదాన్నొకటి కొట్టుకుని టకటకమని చప్పుడైంది. నేను పెన్సిలు తీసేలోపు అంతా అయిపోయింది. ఆ తర్వాత కొమ్మ మీద వాలి, నోరు తెరుచుకుని రొప్పుతూ కూర్చుంది. ఒంటికి మించిన తోకని మోసుకుని నాట్యం చేయడం మాటలు కాదు.

ఇంట్లో అందరూ క్షేమం. నాన్నకీ డాన్ ఫిదేల్ సుమాయెతాకీ కాలవ గొడవ తేలలేదు. నీళ్ళు ముందు ఎవరి చేలోకి పోవాలన్నదే ఇప్పటికీ తగువు. ఈ ఉత్తరం ఫిదేల్ గారి అబ్బాయి లియోవిగిల్దో పాలబండిలో తెస్తాడు. మా వాలు దగ్గర దిగుడులో అతను ఇంజను ఆపేసి బండిని జారనిస్తాడు. పెట్రోలు మిగులుతుందని కాబోలు. కవరుకి ఉడికించిన బంగాళాదుంప జిగురు రెండు పూతలు వేశాను. దారిలో అతనికి చదువుకోవడానికి వేరే ఏమీ ఉండదు కదా.

మీ మేనకోడలు,
డెల్మీరా


చచపోయాస్
జనవరి 15

డెల్మీకి మీ అత్త యూదోసియా దీవెనలు.

నీ కవరు విప్పడానికి రొట్టెలు కోసే కత్తి తేవలసి వచ్చింది. ఇంత జిగురు పెట్టిందంటే లోపల ఏ రహస్యముందో అనుకున్నాను. పిట్ట ఉంది.

మొదట ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళు సిస్టర్ల దగ్గర చదివించింది పిట్ట గురించి నాలుగు పేజీలు రాయడానికా అని. తర్వాత రొట్టెల పొయ్యి చల్లారేలోపు ఇంకోసారి చదివాను. అప్పుడు బోధపడింది. ఆ పిట్ట దేనికి పనికొస్తుందో మన లోయలో పుట్టిన ఆడదానికి ఒకరు చెప్పాలా? నోరు విప్పి అడగలేని పిల్లవి. గరిటెలనీ, పెళ్ళికూతురనీ, కొమ్మనీ తిప్పి తిప్పి రాశావు. మా రోజుల్లో మేమూ అంతే. ఇక ఆ సంగతి నాకొదిలెయ్.

నువ్వు చేయాల్సిందల్లా ఒకటే. సిగ్గుపడకు. మీ నాన్నా ఆ ఫిదేలూ కాలవ గట్టు మీద కొట్టుకోవడం మానేసి ఇప్పుడు వియ్యం మాట్లాడుకుంటున్నారట. పిల్ల ఆ ఇంటికి పోతే నీళ్ళు ఈ చేలోకి వస్తాయని. ఫిబ్రవరి ఆరు, కార్నివాల్‌కి ముందు ఆదివారం, గ్లాసు పట్టుకుని వస్తారు. ఆ రోజు నీ చేతికి గ్లాసు వస్తుంది. నువ్వు తాగితే సంబంధం ఖాయం.

లియోవి మంచివాడే. ఉత్తరం ఇవ్వడానికొచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు. "లోపలికి రావయ్యా" అన్నాను. "బూట్లకి బురద" అన్నాడు. "విప్పి రా." "మేజోళ్ళకి చిల్లు." ఇంత నిజాయితీ గల మగాణ్ణి నేను ఈ వయసులో చూడటం ఇదే. మీ మామయ్య చిల్లు మేజోళ్ళ సంగతి పెళ్ళయిన ఏడాదికి గానీ బయటపెట్టలేదు. కాకపోతే మాట పెగలదు వీడికి కూడా. ఇద్దరు మూగవాళ్ళని ఒక ఇంట్లో పెడుతున్నామేమోనని నా బెంగ. దానికీ మందుంది. నువ్వే గుర్తుచేశావు.

రోస్కా రొట్టెలు పంపాను. మీ నాన్నకి ఒకటే ఇవ్వు, పళ్ళు లేవు.

నీ జ్ఞానతల్లి కూడా అయిన
యూదోసియా


శాన్ ఇసిద్రో
జనవరి 19

అత్తయ్యకి,

రోస్కాలు అందాయి. నాన్న మూడు తిన్నాడు.

ఆ పిట్ట దేనికి పనికొస్తుందో నాకు తెలియదు. ఎనిమిదో ఏట కాన్వెంటుకి వెళ్ళాను. అక్కడ ఈ పాఠం లేదు. నాకు తెలిసినంతలో అది పూలకి పనికొస్తుంది. మీకు ఏం బోధపడిందో నాకు బోధపడలేదు. అయినా బోధపడినందుకు సంతోషం. ఇంట్లో నేను పిట్ట మాట ఎత్తితే అమ్మ బంగాళాదుంపలు తొక్కతీయమని గిన్నె ముందు పెడుతుంది.

పోయిన ఉత్తరంలో ఒక తప్పు రాశాను. సరిదిద్దాలి. ఆ టకటక చప్పుడు గరిటెలు కొట్టుకోవడం వల్ల అని రాశాను. కాదు. ఈ వారమంతా చూశాను. గరిటెలు ఒకదాన్నొకటి తాకడమే లేదు. చప్పుడు ముక్కుది. గాలిలో ఊగుతూ ముక్కు టపటపా మూస్తుంది. తోక అంత గొప్పగా ఊగుతుంటే ముక్కు వైపు ఎవరు చూస్తారు? డాక్టరమ్మ వెళ్తూ ఒక మాట చెప్పింది: "చూసింది రాయి, తోచింది రాయకు." చూడటం మొదలుపెట్టాక తెలుస్తోంది, నేను రాసిందంతా తోచిందే.

గ్లాసు విషయం. మే నెల దాకా వాలు మీద ఉంటానని డాక్టరమ్మకి మాట ఇచ్చాను. మే తర్వాత వాటి ఆటలు ఆగిపోతాయట. ఈ సంగతి నాన్నతో చెప్పబోయాను. రెండుసార్లు ఆయన గదిలోకి వెళ్ళాను. రెండుసార్లూ కాఫీ ఇచ్చి వచ్చేశాను. మీరు చెబితే వింటాడు.

ఇక్కడ రోజూ మధ్యాహ్నం వాన.

డెల్మీరా


చచపోయాస్
జనవరి 23

డెల్మీ,

మే నెల అన్నావు. భేషుగ్గా ఉంది. మరియమాత నెల. ఫాదర్‌ని అడిగాను, మూడో శనివారం గుడి ఖాళీయేనట. పెళ్ళి మేలో పెట్టుకోవాలని పిల్లే అడిగిందని మీ నాన్నకి కబురు పంపాను. వాడు పొంగిపోయి ఉంటాడు.

పిట్ట దేనికి పనికొస్తుందో తెలియదట! బాగుందే. అలాగే అనాలి, ఆడపిల్లవి.

ముక్కు చప్పుడు సంగతి మా పొయ్యి దగ్గర చెప్పాను. రొట్టెలకొచ్చిన ఆడవాళ్ళందరూ నవ్వారు. గొప్పగా తోక ఊపుతూ ముక్కుతో చప్పుడు చేసేవాడు మా ఇంట్లో కూడా ఉన్నాడని ఐదుగురు చెప్పారు.

ఇప్పుడొక్కటి సరిగ్గా రాయి. ఆ మగపిట్ట కచ్చితంగా ఎక్కడ కూర్చుంటుంది? ఏ చెట్టు, ఏ కొమ్మ, ఏ వేళ? ఊరికే వాలు అంటే ఎలా? ఎవరైనా వచ్చి వెతుక్కోవాలంటే దారి తెలియాలి కదా.

మీ అత్త


శాన్ ఇసిద్రో
జనవరి 26

ప్రియమైన అత్తయ్యా,

ఏ కొమ్మ అని అడిగిన మొదటి మనిషి మీరే. డాక్టరమ్మ కూడా వాలు అని రాస్తే చాలంది.

పాలబండి ఆగే మలుపు నుంచి మేకల దారిన పైకి ఎక్కండి. అక్కడ పిడుగు పడి చీలిన ఆల్డరు చెట్టు ఉంటుంది. దాని వెనక ముళ్ళకంచె. కంచె అవతల ఎర్రటి గొట్టాల పూల పొద, ఆ పొద మీదికి ఒంగిన సన్నటి కొమ్మ, కొమ్మంతా బూడిదరంగు నాచు. నాచు లేని చోటు ఒకే ఒక్కటుంది, జానెడు. అది కూర్చుని కూర్చుని అరగదీసిన చోటు. ఉదయం పొగమంచు విడిచాక, మళ్ళీ వానకి ముందు తప్పకుండా అక్కడే ఉంటుంది. వేరే మగపిట్ట వస్తే తరిమి తిరిగి అదే జానెడు మీద వాలుతుంది. కదలకుండా నిలబడితే అది భయపడదు. అడుగు దూరానికి వచ్చి నా ముఖంలోకి చూసింది.

మీరొస్తారా? బురదకి పాత బూట్లు వేసుకోండి.

ఇంకో తప్పు కూడా సరిదిద్దాలి. ఇది పెద్దది. మొదటి ఉత్తరంలో పెళ్ళికూతురు వచ్చిందని రాశాను. పెళ్ళికూతురు కాదు. ఛాతీ మీద నల్లటి గీత ఉంది, అంటే కుర్ర మగపిట్ట. గరిటెలు ఇంకా మొలవలేదు. నేను పెళ్ళి నాట్యమని రాసుకున్నవన్నీ మళ్ళీ చూశాను. దాదాపు అన్నింట్లోనూ మగవే. కొమ్మ నాదంటే నాదని ఒకదాని ముందు ఒకటి తోక ఊపుకుంటున్నాయి. అంత ఆర్భాటం జరుగుతున్న చోట ఆడపిట్ట అసలు లేనే లేదు.

నిన్న నిజంగా వచ్చింది. తెల్లటి పొట్ట, చిన్న తోక. వచ్చి కూర్చుంది. మన పిట్ట చేయగలిగిందంతా చేసింది. ఆమె తల ఇటు తిప్పి, అటు తిప్పి చూసింది. తర్వాత వెళ్ళిపోయింది. ఆడపిట్ట అవునని ఎలా చెబుతుందో, కాదని ఎలా చెబుతుందో నాకింకా తెలియలేదు. రెంటికీ ఎగిరిపోతుంది. గూడు మాత్రం ఒక్కతే కట్టుకుంటుందట, సాలెగూడు దారంతో. గుడ్లు పొదగడం, పిల్లల్ని సాకడం అంతా ఆమె పనే. మగపిట్టకి గూడెక్కడో కూడా తెలియదు.

నాన్న ఈ మధ్య నన్ను చూసి నవ్వుతున్నాడు. మీ కబురు అందినట్టుంది. "మే నెల" అని, మళ్ళీ నవ్వుతాడు. నేనన్నది పిట్టల మే నెల అని చెప్పడానికి వెళ్ళి, మళ్ళీ కాఫీ ఇచ్చి వచ్చేశాను.

ఎదురుచూస్తూ,
డెల్మీరా


చచపోయాస్
ఫిబ్రవరి 1

డెల్మీ,

ఈ మూట జాగ్రత్తగా విప్పు. ఎర్రగుడ్డలో ఉన్నది నువ్వడిగినదే. దొరికింది!

బజారులో కొనలేదమ్మా. అక్కడ కోడిపిల్ల గుండె ఎండబెట్టి గరిటెతోకదని అంటగడతారు. నీ పెళ్ళికి దొంగసరుకు పెడతానా? లియోవికే చెప్పాను. వాడు కట్టెలు మోసే వయసు నుంచీ ఉండేలు పట్టినవాడు. నువ్వు రాసిన దారి అంతా, మలుపు, చీలిన చెట్టు, కంచె, ఎర్రపూల పొద, పొల్లుపోకుండా చదివి వినిపించాను. సోమవారం పొద్దున్నే కొట్టాడట. ఒకే రాయి. గుండె తీసి మా పొయ్యి మీద అరలో ఎండబెట్టాను. అసలుదని నీకు నమ్మకం కుదరాలని గరిటెలు రెండూ దారంతో చుట్టి పెట్టాను.

నీకు ఎలా వాడాలో తెలుసో లేదో, సిస్టర్ల పెంపకం. పొడిచేసి చెరకు సారాలో చిటికెడు వేయాలి. మొదట అబ్బాయి తాగాలి, తర్వాత అదే గ్లాసు నువ్వు. మగవాడికి మగతనం, మూగవాడికి మాట. ఇద్దరికీ కలిపి ఒకే మందు.

ఆ రోజు నిన్నెవరూ ఏమీ అడగరు. మన పద్ధతే అంత. అబ్బాయి వంటింటి గుమ్మంలో గ్లాసు అందిస్తాడు. నువ్వు పెదవి తడిపితే చాలు, అవునన్నట్టే. నా సంగతి చెప్పనా? మా వాళ్ళు పద్ధతి చెప్పడం మరిచిపోయారు. ఆ రోజు ఎండగా ఉంది, దాహమేసి తాగాను. ముప్పై ఏళ్ళు కాపురం చేశాను. పెద్ద తేడా ఏమీ ఉండదు, భయపడకు.

ఆదివారం నేనూ వస్తాను. పప్పు రోస్కాలు ఇందులోనే పెట్టాను.

యూదోసియా


శాన్ ఇసిద్రో
ఫిబ్రవరి 3

అత్తయ్యకి,

మూట అందింది. ఎడమ బిళ్ళ అంచున నొక్కు ఉంది.

సోమవారం నుంచి నాచుకొమ్మ మీద ఎవరూ లేరు. వాన వల్ల రాలేదని రాసుకున్నాను. అది తోచింది.

నేను దీన్ని అడగలేదు. నేను పిట్ట గురించి రాశాను, అంతే. ఏ కొమ్మ అని మీరు అడిగితే సంతోషమేసి చెప్పాను.

పప్పు రోస్కాలు బాగున్నాయి.

డెల్మీరా


చచపోయాస్
ఫిబ్రవరి 5, శనివారం

డెల్మీ, తల్లీ,

నీ ఉత్తరం చదివి పిండి పిసకడం ఆపేశాను. ఇవాళ ఊళ్ళో సగం మందికి రొట్టె లేదు.

నువ్వు అడిగావనే అనుకున్నాను. ఒట్టు. నాలుగు పేజీలు ఒక పిట్ట గురించి ఊరికే రాసేవాళ్ళు ఉంటారని నాకేం తెలుసు? ఈ వయసు దాకా అలాంటి మనిషి నాకు తగల్లేదు. ఇందులో నా తప్పుంది. నీది కూడా కొంచెం ఉంది, నువ్వు మరీ బాగా రాస్తావు. అది కూడా నా తప్పే అనుకో, చదివించమని పట్టుబట్టింది నేనే.

ఇంకో మాట చెప్పాలి. లియోవి ఒకటికి రెండుసార్లు అడిగాడు. "డెల్మీరా గారే అడిగారా?" అన్నాడు. అవునన్నాను. గుమ్మం దాటి వెళ్ళి మళ్ళీ వెనక్కొచ్చి, "ఆ కొమ్మ మీదున్నదే కావాలన్నారా?" అన్నాడు. "వెళ్ళవయ్యా, పిల్ల రాసింది చదివి వినిపించాను కదా" అని కసిరాను.

ఈ ఉత్తరం వాడి చేతికే ఇస్తున్నాను. రేపు తెల్లవారుజామున నేను బయల్దేరుతున్నాను, పాలడబ్బాల మధ్య కూర్చునైనా సరే. మీ నాన్నతో నేను మాట్లాడతాను. నేనొచ్చేదాకా ఏదీ తాగకు. నీళ్ళు కూడా ఎవరి గ్లాసులోవీ తాగకు.

మీ అత్త


శాన్ ఇసిద్రో
ఫిబ్రవరి 10

అత్తయ్యకి,

మీరు రాలేకపోయానని బాధపడుతూ కూర్చుంటారని ముందుగా ఇది రాస్తున్నాను: మీరు రాకపోవడం మీ తప్పు కాదు. శనివారం రాత్రి కొండచరియ విరిగి దారి మూసుకుపోయింది. మీ ఉత్తరం దానికి ముందే వచ్చింది. ఇవాళ మట్టి తీశారట. రేపు పాలబండి దిగుతుంది. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఆదివారం పూజ అయ్యాక వచ్చారు. డాన్ ఫిదేల్, ఆయన భార్య, లియోవి. రెండు బుట్టల రొట్టె, ఒక పెద్ద సీసా సారా, కాళ్ళు కట్టిన నాలుగు గినీపందులు తెచ్చారు. లియోవి టోపీ మోకాలి మీద పెట్టుకుని గోడవైపు కూర్చున్నాడు. నేను వంటింట్లో ఉన్నాను. అక్కడినుంచి అంతా కనబడుతుంది.

"ముందు కాలవ సంగతి తేల్చు, తర్వాత గ్లాసు" అన్నాడు నాన్న.

"ముందు గ్లాసు. కాలవ ఎక్కడికీ పోదు" అన్నాడు డాన్ ఫిదేల్.

"పోదనే కదా నా గొడవ! నీ చేలోనే ఆగిపోయింది పదేళ్ళుగా."

"రాత్రి నీళ్ళు నీకిస్తానన్నాను."

"రాత్రి నీళ్ళు కట్టుకుని పగలు నిద్రపోవడానికి నేనేమన్నా గుడ్లగూబనా?"

ఇద్దరూ లేచారు. మధ్యలో బల్ల ఉంది కాబట్టి మీదపడలేదు. నాన్న కుడికి జరిగితే డాన్ ఫిదేల్ ఎడమకి జరిగాడు. నాన్న ఎడమకి జరిగితే ఆయన కుడికి. ఛాతీలు ముందుకొచ్చాయి. నాన్న మాటమాటకీ నాలుకతో టక్కుమనిపిస్తున్నాడు, ఆయనకి అలవాటు. నేను వాలు మీద ఇంతకాలం చూసిందే ఇంట్లో చూస్తున్నాను. అంతా నా పేరు మీదే జరుగుతోంది. నేను అక్కడ లేను.

అప్పుడు లియోవి గ్లాసు పట్టుకుని వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చాడు. పద్ధతి ప్రకారం నాకు అందించాలి. అందించలేదు. "తాగుతారా?" అన్నాడు.

అమ్మాయిని ఎవరూ అడగరని మీరు రాశారు. అతను అడిగాడు.

నేను ఎర్రగుడ్డ మూట తీసి వంటింటి గట్టు మీద విప్పాను. గుండెని పొడి చేయలేదు. "దీన్ని ఎక్కడ కొట్టారు?" అన్నాను. అతనితో నేను మాట్లాడిన మొదటి మాట అది.

"మీరు చెప్పిన చోటే. నాచు అరిగిన చోట."

"నేను చెప్పలేదు."

"మీరే అడిగారన్నారు."

"అడగలేదు."

"నాకు అనుమానమొచ్చింది" అన్నాడు. "అడిగేవాళ్ళు ఉదయమంతా దాని ముందు కూర్చోరు. అయినా కొట్టాను. మీరు అడిగారంటే ఎలా కాదంటాను?" తర్వాత ఇంకా మెల్లిగా, "రాయి తగిలాక అది చాలాసేపు చేతిలో వెచ్చగా ఉంది" అన్నాడు.

"నేను తాగను" అన్నాను. గట్టిగానే అన్నాను. అయితే బల్ల దగ్గర ఇద్దరూ ఇంకా గట్టిగా ఉన్నారు కాబట్టి వినబడలేదు.

"సరే" అన్నాడు. గ్లాసు గట్టు మీద పెట్టాడు. జేబులోంచి ఉండేలు తీసి గ్లాసు పక్కన పెట్టాడు. వెళ్ళి తన చోట గోడవైపు తిరిగి కూర్చున్నాడు. గ్లాసు నిండుగానే ఉంది.

అమ్మ పొయ్యి దగ్గరే ఉంది. అంతా చూసింది. చేతులు తుడుచుకుంటూ వచ్చి, "పారబోస్తే పాపం" అని గ్లాసు ఎత్తి తాగేసింది. తర్వాత వంటకి గినీపందుల్ని శుభ్రం చేయడానికి వెళ్ళిపోయింది.

ఈలోగా నాన్నా డాన్ ఫిదేలూ అలిసిపోయి కూర్చున్నారు. ఇద్దరూ నోరు తెరుచుకుని రొప్పుతున్నారు. ఆ రొప్పులోనే తేలిపోయింది: వారంలో మూడు పగళ్ళు మనకి, మూడు వాళ్ళకి, ఆదివారం ఎవరికీ కాదు. చేతులు కలిపారు. పదేళ్ళ తగువు పోయింది. అప్పుడు గుర్తొచ్చి వంటింటి వైపు చూశారు. ఖాళీ గ్లాసు కనబడింది. నాన్న కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

అంచేత ఇప్పుడు ఇక్కడి పరిస్థితి ఇది. నేను తాగానని ఊరంతా అనుకుంటోంది. తాగింది అమ్మ. ఈ సంగతి అమ్మకీ నాకూ లియోవికీ తెలుసు. అమ్మ చెప్పదు, సారా తాగానని ఒప్పుకోవాలి కదా. లియోవిని వాళ్ళ నాన్న "అమ్మాయి తాగింది కదరా, చూశావు కదా?" అని అడిగితే "గ్లాసు ఖాళీ అయింది" అన్నాడట. అబద్ధం చెప్పలేదు. నేను నాన్న గదికి వెళ్ళాను. ఈసారి కాఫీ పట్టుకెళ్ళలేదు. "నాన్నా, నేను తాగలేదు" అన్నాను. "సిగ్గుపడకమ్మా" అన్నాడు.

మే నెల అని కబురు పంపింది మీరు. కాబట్టి నాన్నకి మీరే చెప్పాలి. నేను తాగలేదు. మే మూడో శనివారం గుడిలో ఏమీ లేదు. కాలవ ఒప్పందం అలాగే ఉంచుకోవచ్చు, దానికి నా అవసరం పడలేదు. దారి బాగుపడింది కదా, వచ్చి చెప్పండి. మీ గొంతు ఆయనకి వినబడుతుంది.

డాక్టరమ్మకి పంపే కాగితాల్లో జనవరి 31 దగ్గర "వాన" కొట్టేసి "చంపారు" అని రాశాను. ఎవరు అన్నది రాయలేదు. చూసింది రాయమంది, నేను చూడలేదు. గుండెనీ గరిటెల్నీ ఎర్రపూల పొద మొదట్లో పాతిపెట్టాను. ఉండేలు మా పొయ్యి మీద మేకుకి వేలాడుతోంది. అమ్మ దానికి వెల్లుల్లి గుత్తి తగిలించింది.

మంగళవారం నాచుకొమ్మ మీద అదే జానెడు చోట ఒక కుర్రపిట్ట కూర్చుంది. ఛాతీ మీద నల్లగీత ఉన్నదే, నేను పెళ్ళికూతురని పొరబడ్డదే. ఒక గరిటె మొలిచింది. రెండోది ఇంకా సగం ఈకే. ఎగిరితే ఒక పక్కకి ఒరిగిపోతోంది. ఆడపిట్ట ఎవరూ రాలేదు. అది ఎర్రపువ్వు ముందు నిలబడి ఊగడం మొదలుపెట్టింది.

కంచె అవతల అలికిడైంది. లియోవి. దగ్గరికి రాలేదు, చీలిన చెట్టు కింద నిలబడ్డాడు.

"ఇప్పుడేం చేస్తోంది?" అన్నాడు.

"పువ్వుకి చూపిస్తోంది."

"పువ్వు ఏమంటోంది?"

"ఇంకా ఏమీ అనలేదు."

అతను తలూపాడు. వాన మొదలయ్యేదాకా అక్కడే నిలబడ్డాడు. ఒక్కసారి కూడా కదల్లేదు. అలా నిలబడటం అందరివల్లా కాదు. డాక్టరమ్మ వల్ల కూడా కాలేదు.

మీకు మొదటి ఉత్తరంలో రాసిన ఇంకో విషయం కూడా సరిదిద్దాలి. బండి ఇంజను దిగుడులో ఆపేది పెట్రోలు కోసమని రాశాను. ఆ రోజు అడిగాను. దారి పొడవునా దిగుళ్ళే కదా, ఈ మలుపు దగ్గరే ఎందుకు ఆపుతారని. "మీరు పైన కూర్చుని ఉంటారు కదా" అన్నాడు. "చప్పుడుకి అవి లేచిపోతాయి." బ్రేకులంటే భయం లేదా అన్నాను. "ఉంది" అన్నాడు.

నేను వెంటనే క్షమించలేదు. అది కూడా మీకు చెప్పాలి. ఆ నొక్కు ఉన్న బిళ్ళ గుర్తొస్తే ఇప్పటికీ అతని వైపు చూడలేను. చూడకుండా ఉండటం కూడా పూర్తిగా కుదరడం లేదు. ఈ విషయంలో నాకు తోచేదే ఉంది, చూసిందేమీ లేదు కాబట్టి ఇంతకంటే రాయను. మే దాకా వాలు మీదే ఉంటాను. ఆ తర్వాత సంగతి అప్పుడు.

వచ్చేటప్పుడు పాత బూట్లు మరిచిపోకండి.

మీ మేనకోడలు,
డెల్మీరా

ఈ ఉత్తరం కూడా లియోవి చేతికే ఇస్తున్నాను. ఈసారి కవరు అంటించలేదు.